యోమ్ కిప్పూర్ మరునాడు పరీక్ష: తేదీ మార్చడం సబబేనా?

ప్రశ్న: నేను న్యూజెర్సీలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. యూదుల ఉపవాస పర్వదినమైన యోమ్ కిప్పూర్‌కు మాకు సెలవు లేదు. ఆ మరునాడు ఉదయమే పరీక్ష అని బోర్డు మీద రాసిన రోజున, ఒక యూదు విద్యార్థి తరగతి అయ్యాక నా బల్ల దగ్గరకు వచ్చి, పండుగనాడు తాను కలం కూడా పట్టకూడదని, లెక్కలు చేసుకొనే వీలుండదని మెల్లగా చెప్పాడు. ఒక్కరి కోసం తేదీ మారిస్తే మిగిలినవారికి అన్యాయమా?

జవాబు 1: కాదండి. మన రాష్ట్ర చట్టం ప్రకారం, గుర్తించిన మతపరమైన పండుగకు తల్లిదండ్రుల సంతకంతో సెలవు పెట్టిన విద్యార్థి ఏ పురస్కారానికీ అర్హత కోల్పోకూడదు. ఆ రోజు తప్పిన పరీక్షను అతనికి మళ్లీ పెట్టాలి. మీది మరునాటి పరీక్ష కనుక చట్టం అక్షరాలా వర్తించకపోవచ్చు గానీ, రెండు రోజులు జరిపితే పోయేదేమీ లేదు.

జవాబు 2: యూదుల పండుగ ముందురోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం దాదాపు 25 గంటలు సాగుతుంది కనుక, ముందురోజు రాత్రికి ఇచ్చే హోంవర్కు కూడా చిక్కే. యోమ్ కిప్పూర్ సంగతి చాలామందికి తెలుసు. మే, జూన్ నెలల్లో, సరిగ్గా ఏడాది చివరి పరీక్షల వేళకు వచ్చే షావువోత్ అనే మరో యూదు పండుగను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

జవాబు 3: 2025లో యోమ్ కిప్పూర్, విజయదశమి రెండూ అక్టోబరు 2నే వచ్చాయి. న్యూయార్క్ నగర బడులు యూదుల ముఖ్య పండుగలకు దశాబ్దాలుగా మూస్తున్నాయి. దీపావళి సెలవుకు చట్టం 2023లో గానీ రాలేదు. ఆ అబ్బాయి ఇబ్బంది మన పిల్లలకూ కొత్తది కాదు గదా.