పాలమూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఢిల్లీ మీదుగా మేలా, దుబాయ్ మీదుగా మేలా?

మెట్టుగడ్డ_మనిషి:
డిసెంబర్ చివర్లో అమ్మానాన్నలను తమ్ముడి దగ్గరికి, శాన్‌ఫ్రాన్సిస్కో పంపాలి. శంషాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా ఒక టికెట్, దుబాయ్ మీదుగా ఒకటి చూశాను. రేటులో పెద్ద తేడా లేదు. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. ఇద్దరికీ తెలుగు తప్ప రాదు, అమ్మకు మోకాళ్ల నొప్పి. ఏది తొందర?

జడ్చర్ల_చౌరస్తా:
ఢిల్లీయే, ఇందులో చర్చేముంది? శంషాబాద్ నుంచి నేరుగా కొలిస్తే 13,500 కిలోమీటర్ల పైచిలుకు. ఢిల్లీలో దిగి ఎక్కినా నూరు, నూటయాభై కంటే పెరగదు. అమెరికాకు దగ్గరి దారి ముందు ఉత్తరానికే పోతుంది, ఢిల్లీ సరిగ్గా మన నెత్తి మీదుంది. దుబాయ్ మీదుగా అయితే 15,500 దాటుతుంది. గంటకు 900 లెక్కన రెండు గంటలు దండగ. నమ్మకపోతే గ్లోబు మీద దారం పెట్టి చూడండి.

దేవరకొండ_దారి:
భూమి తూర్పుకు తిరుగుతుంది కదా అన్నా, పడమటికి పోతే ఊరే ఎదురు రావాలి. దుబాయ్ దారే తొందర కావాలి మరి?

జడ్చర్ల_చౌరస్తా:
గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది తమ్ముడూ. తేడా తెచ్చేది జెట్ స్ట్రీమ్. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో పసిఫిక్ మీద గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే దారి పొడుగైనా తూర్పుగా పోయే రూటు ఎంచుకుంటారు. వచ్చేటప్పుడు అదే ఎదురుగాలి.

నల్లగొండ_గడియారం:
అంటే విమానం దారం మీద పోదని నువ్వే ఒప్పుకున్నావు, ఇక ఆ కిలోమీటర్లెందుకు? పెద్దవాళ్ల ప్రయాణంలో చూడాల్సింది మధ్యలో ఎక్కడ ఇరుక్కుంటారన్నది. డిసెంబర్ చివర్లో ఢిల్లీ అంటే పొగమంచు. హైదరాబాద్ ఫ్లైట్ లేటయితే అమెరికా ఫ్లైట్ ఆగదు, తెలియని ఊళ్లో ఇద్దరూ రాత్రంతా కూర్చోవాలి. పైగా ఇమిగ్రేషన్ మామూలుగా ఢిల్లీలో అవుతుంది. దుబాయ్ దారిలో ఆ ముద్ర శంషాబాద్‌లోనే పడుతుంది, అప్పటికి నువ్వింకా బయటే ఉంటావు. ఏదైనా అడిగితే ఫోన్లో తెలుగులో చెప్పొచ్చు. ఇంకోటి, పాలమూరు నుంచి శంషాబాద్ దాదాపు 80 కిలోమీటర్లు, మూడు గంటల ముందు చేరాలి. ఆ టైం ఏ వెబ్‌సైటూ చూపించదు.

వనపర్తి_వాసి:
టికెట్ మీద టైం చూసి మోసపోకండి. దిగే టైం అక్కడిది. చలికాలంలో వాళ్లు మనకంటే పదమూడున్నర గంటలు వెనక, కాబట్టి పొద్దున ఎక్కి అదే రోజు దిగినట్టు కనిపిస్తుంది. మా మేనమామ అట్లాగే లెక్కేసుకుని బీపీ మాత్రలు పెద్ద సూట్‌కేసులో పెట్టాడు.

జడ్చర్ల_చౌరస్తా:
మంచు భయమైతే ఢిల్లీలో ఆరు గంటల గ్యాప్ ఉన్న టికెట్ తీసుకోండి. ఎటు పోయినా పెద్ద ఫ్లైట్ పదిహేను, పదహారు గంటలే. మోకాళ్లకు ఢిల్లీ అయితే ఏంది, దుబాయ్ అయితే ఏంది?

నల్లగొండ_గడియారం:
ఆరు గంటల గ్యాప్ పెడితే, నువ్వు మిగిల్చిన రెండు గంటలు ఎటు పోయినట్టు?

మెట్టుగడ్డ_మనిషి:
సరే, పోయేది దుబాయ్ మీదుగానే. ఏప్రిల్‌లో మంచు ఉండదు కదా, వచ్చేది ఢిల్లీ పెట్టుకోవచ్చా?

జడ్చర్ల_చౌరస్తా:
రెండు కంపెనీల్లో ఒక్కో వైపు కొంటే రిటర్న్ టికెట్ కంటే ఖర్చెక్కువ పడొచ్చు, ముందు రేటు చూడు. నా మాట మాత్రం ఇప్పటికీ ఢిల్లీయే.

నల్లగొండ_గడియారం:
ఎటైనా సరే, వీల్‌చైర్ ప్రతి ఫ్లైట్‌కూ విడిగా రాయించావో లేదో బుకింగ్‌లో చూసుకో. మాత్రలు, డాక్టర్ చీటీ చేతి సంచిలోనే పెట్టించు.