ఆవిరి తగిలి కవాటం మూతపడితే తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:

గుంపులోని పెద్దలకూ మిత్రులకూ నమస్కారం. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికా రైల్వే ఉద్యోగుల శిక్షణ కోసం రాసిన పాఠాల్లో కొన్ని పేజీలను తెలుగులోకి తెస్తున్నాను. చలికాలంలో ప్రయాణికుల పెట్టెలను ఇంజను ఆవిరితో ఎలా వెచ్చబరిచేవారన్నది విషయం. అధ్యాయానికి ‘ప్రయాణికుల పెట్టెలలో ఆవిరి తాపన నియంత్రణ’ అని పేరు పెట్టాను. లోపల ఒక వాక్యం ఇలా తయారైంది:

‘ఆవిరి నియంత్రకపు గదిని చేరినప్పుడు డయాఫ్రమ్ ఉష్ణము చేత వ్యాకోచింపబడి, ప్రవేశ కవాటము స్వయంచాలకముగా మూయబడును.’

(కవాటం అంటే వాల్వు, డయాఫ్రమ్ అంటే వేడికి ఉబ్బే పలచని రేకు అమరిక.) అర్థంలో తప్పు లేదనే అనుకుంటున్నాను. కానీ పైకి చదివితే మన వాక్యంలా లేదు. ‘మూయబడును’ తీసేసి ‘మూస్తారు’ అంటే ఎవరు మూస్తున్నారన్న ప్రశ్న వస్తోంది. ‘రైలు మార్గంలో ఆవిరి పీడనం’ అన్న మాట కూడా కొన్నిచోట్ల అతకడం లేదు. సలహా ఇవ్వగలరు.

జవాబు:

మీ వాక్యానికి కావలసిన క్రియ మన నోట రోజూ ఆడేదే: ‘మూసుకుంటుంది’. గాలికి తలుపు మూసుకుంది అంటాం. కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది అంటాం. మూసినవాడు కనిపించడు, పని మాత్రం జరిగిపోతుంది. ‘మూసుకుంటుంది’లో దాగి ఉన్న ఆ ‘కొను’ చేరగానే ‘స్వయంచాలకముగా’ అన్న మాట అవసరం తీరిపోతుంది, ‘మూయబడును’లోని ‘బడు’తో పని ఉండదు. తెలుగులో కర్మణి వాడుక అరుదని వ్యాకరణాలు చెబుతూనే వచ్చాయి. అయినా సాంకేతిక విషయం అనగానే మనం ‘బడు’ను ఎందుకు ఆశ్రయిస్తామో నాకు ఎప్పటికీ బాధగానే ఉంటుంది.

అయితే ప్రతిచోటా ‘మూసుకుంటుంది’ అని రాస్తే అదీ తప్పే అవుతుంది. ఏ కవాటాన్ని మనిషి మూస్తాడు, ఏది మూసుకుంటుంది అన్నది ఈ అధ్యాయానికి ప్రాణం. అందుకే పరికరం పనితీరుతో కలిపి రాస్తున్నాను. కాస్త పొడవైనా ఓపికగా చదవండి.

మొదట్లో పెట్టెలో మూలన ఒక ఇనప పొయ్యి ఉండేది, అందులో బొగ్గో కట్టెలో వేసేవారు. (దీన్ని దయచేసి ‘కుంపటి’ అనకండి. కుంపటికి పొగగొట్టం ఉండదు.) బండి పడిపోతే పొయ్యి బోర్లా పడి చెక్క పెట్టెలు అంటుకునేవి. 1876 డిసెంబరు 29 రాత్రి ఒహైయో రాష్ట్రంలోని ఆష్టబ్యూలా వద్ద మంచు తుపానులో వంతెన కూలి బండి నదిలో పడింది. పొయ్యిలు, దీపాల నుంచి మంటలు లేచి తొంభై మందికి పైగా చనిపోయారు. 1882 జనవరిలో న్యూయార్క్ దగ్గర స్పైటెన్ డైవిల్ ప్రమాదంలో, పడక పెట్టెల తయారీతో పేరు గడించిన వెబ్‌స్టర్ వాగ్నర్ తాను ఎక్కిన బండిలోనే మరణించాడు. 1887 ఫిబ్రవరిలో వెర్మాంట్‌లో మళ్లీ అదే కథ, వంతెన, మంచు, మంటలు. ఆ ఏడాదే న్యూయార్క్ రాష్ట్రం పెట్టెల్లో పొయ్యిలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం చెల్లుతుందని 1897లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. నిప్పును పెట్టెలోంచి ఇంజనుకు తరలించి, అక్కడి వేడిని ఆవిరి రూపంలో వెనక్కి పంపడం అలా తప్పనిసరి అయింది. మీ అధ్యాయంలో ఈ నేపథ్యం లేకపోతే ఒక పేరా చేర్చండి. లేకుంటే ఇంత గొట్టాల గొడవ ఎందుకో పాఠకుడికి అర్థం కాదు.

ఇప్పుడు ‘రైలు మార్గం’ సంగతి. మూలంలో ‘ట్రెయిన్ లైన్’ అని ఉండి ఉంటుంది. అది పట్టాల మాట కాదు. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా, అన్ని పెట్టెల కింద సాగే ఆవిరి గొట్టం. పెట్టెకూ పెట్టెకూ మధ్య వంగే గొట్టాలతో దాన్ని కలుపుతారు. ‘బారు గొట్టం’ అంటే ఎలా ఉంటుంది? బండి బారునా ఉండే గొట్టం కాబట్టి విన్నవెంటనే తెలుస్తుంది. ‘రైలు మార్గంలో ఆవిరి పీడనం’ అని రాస్తే పట్టాల మీద ఆవిరి ఏమిటని పాఠకుడు తికమకపడతాడు.

ఇక తొలి పద్ధతి. బారు గొట్టంలోని ఆవిరిని నేరుగా పెట్టెలోని గొట్టాల్లోకి వదిలేవారు. గేజి చదరపు అంగుళానికి 100 పౌండ్ల పీడనం చూపుతున్న ఆవిరి దాదాపు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. పీడనం పెరిగితే గొట్టం ఇంకా కాలుతుంది, తగ్గితే చల్లారుతుంది. ఇంజనుకు దగ్గరగా ఉన్న పెట్టెలో జనం ఉక్కపోతతో కిటికీలు తెరిచేవారు, చివరి పెట్టెలో వణికేవారు. బండి ఉద్యోగి పెట్టె పెట్టెకూ తిరిగి కవాటం కొంచెం తిప్పి, కొంచెం మూసి సర్దేవాడు. ఈ భాగం మొత్తంలో మీ క్రియలు ‘తెరుస్తాడు, మూస్తాడు, సగానికి తిప్పుతాడు’ అనే ఉండాలి. చేయి ఉంది, చేయి ఉన్న మనిషి ఉన్నాడు.

తర్వాత వచ్చిందే ఎగ్బర్ట్ గోల్డ్ అనే అమెరికన్ ఆవిష్కర్త పేరుతో ముడిపడిన ‘వేపర్’ (ఆవిరి) పద్ధతి. మీ వాక్యం దీని గురించే. పెట్టె కింద, బయటి గాలి తగిలే చోట, ఒక నియంత్రకం వేలాడుతుంది. బారు గొట్టం నుంచి వచ్చిన ఆవిరి దాని ప్రవేశ కవాటం గుండా పైకి వెళ్లి, గోడల వెంబడి నేలకు దగ్గరగా పరిచిన గొట్టాల్లో తిరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూ చల్లబడి నీరవుతుంది. ఆ నీళ్లు మళ్లీ నియంత్రకం దగ్గరకే వచ్చి, అడుగున ఎప్పుడూ తెరిచి ఉండే రంధ్రం గుండా పట్టాల మధ్య కారిపోతాయి. దారిలో డయాఫ్రమ్ ఉంటుంది. నీళ్లు మాత్రమే వస్తున్నంతసేపు అది ముడుచుకుని ఉంటుంది, కవాటం తెరుచుకుని ఉంటుంది. గొట్టాలు నిండుగా వేడెక్కి, నీరు కావలసిన ఆవిరి నీరు కాకుండానే అక్కడిదాకా వచ్చిందా, ఆ సెగ తగిలి డయాఫ్రమ్ ఉబ్బుతుంది, లోపలికి వచ్చే దారి మూసుకుంటుంది. కాసేపటికి బయటి చలికి డయాఫ్రమ్ చల్లారి ముడుచుకుంటుంది, దారి తెరుచుకుంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఆ అడుగు రంధ్రం. గొట్టం చివర గాలికి తెరిచి ఉంది కాబట్టి లోపల పీడనం పెరగదు. ఆవిరి వాతావరణ పీడనం దగ్గరే, అంటే ఇంచుమించు 100 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. బారు గొట్టంలో ఎంత పీడనం ఉన్నా ప్రయాణికుడి కాళ్ల దగ్గరి గొట్టం దాదాపు ఒకే వేడిలో ఉంటుంది. నీళ్లు నిలవవు కాబట్టి గడ్డకట్టి గొట్టం పగిలే భయం కూడా తగ్గుతుంది. మూలంలోని ‘వాతావరణ పీడనం’ అన్న రెండు మాటలను మీరు ఎక్కడా వదిలేయకండి. పద్ధతి మొత్తం వాటి మీదే నిలబడింది.

వేడి ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఒక వాక్యంలో చెప్పండి. కిలో ఆవిరి 100 డిగ్రీల దగ్గర నీరవుతూ సుమారు 540 కిలోకేలరీలు వదులుతుంది. అదే కిలో నీరు 100 నుంచి 20 డిగ్రీలకు చల్లారితే వచ్చేది 80 మాత్రమే. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి తగిలితే మరిగే నీళ్లకన్నా చురుక్కుమనడానికి కారణం ఇదే. బడిపుస్తకాల్లో దీని పేరు గుప్తోష్ణం. చక్కని మాట, వాడండి.

మీ శీర్షికలోని ‘తాపన’ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. తెలుగులో తాపం అనగానే వడదెబ్బ, విరహం, పశ్చాత్తాపం. వినగానే బాధ తోస్తుంది. ఇక్కడ జరిగేది మనిషికి హాయి కలిగించడం. మనకు రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి. గొట్టానికి ‘వేడి’, మనిషికి ‘వెచ్చదనం’. ఈ తేడా అలంకారం కోసం చెప్పడం లేదు. వేపర్ నియంత్రకం అదుపు చేసేది గొట్టం వేడినే. పెట్టెలో ఎంత వెచ్చగా ఉందో దానికి తెలియదు. బయట చలి తగ్గి లోపల ఉక్కగా అనిపిస్తే ఉద్యోగి కొన్ని గొట్టాలను విడిగా మూసేయాలి. పెట్టె వెచ్చదనాన్ని పసిగట్టే ఏర్పాటు తర్వాత వచ్చింది: లోపల పాదరసపు థర్మోస్టాట్, కింద విద్యుత్తుతో పనిచేసే ఆవిరి కవాటం. పెట్టె వెచ్చబడేకొద్దీ పాదరసం పైకి పాకి తీగకు తగులుతుంది. తగలగానే విద్యుత్తు దారి పూర్తయి ఆవిరి ఆగుతుంది. కాబట్టి శీర్షిక ‘ప్రయాణికుల పెట్టెల్లో వెచ్చదనం: ఆవిరిని అదుపు చేసే తీరు’ అంటే రెండు అంచెలకూ సరిపోతుంది.

మరొకరి స్పందన:

‘మూసుకుంటుంది’ నాకూ నచ్చింది. కానీ రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ‘కొను’ అన్నిచోట్లా ‘దానంతట అదే’ అన్న అర్థం ఇవ్వదు. ‘ఆమె తలుపు మూసుకుంది’ అంటే మూసింది ఆమే, తన కోసం మూసింది. ‘నియంత్రకం కవాటాన్ని మూసుకుంటుంది’ అని రాస్తే పరికరానికి సొంత అవసరం ఉన్నట్టు ధ్వనిస్తుంది. రెండు, ‘నీరవడం’ అని తేలిగ్గా రాసేస్తే విద్యార్థులు చదివిన పాఠానికీ దీనికీ లంకె తెగిపోతుంది. సాంద్రీకరణం అన్న పదం ఉంది కదా?

తిరుగు జవాబు:

మొదటి మాట చాలా విలువైనది. కర్తను బట్టి క్రియ అర్థం మారుతుంది. మనిషి కర్త అయితే ‘కొను’ తన కోసం అన్న అర్థం తెస్తుంది, కవాటం లాంటి వస్తువు కర్త అయితే చేసినవాడిని మరుగున పెడుతుంది. అందుకని కవాటాన్నే కర్తగా నిలబెట్టాలి: ‘కవాటం మూసుకుంటుంది’. కారణాన్ని చూపించదలచుకున్న చోట ‘డయాఫ్రమ్ ఉబ్బి కవాటాన్ని మూస్తుంది’ అని మామూలు క్రియ వాడవచ్చు, అదీ మంచి తెలుగే. నా లెక్కలో పరికరం బొమ్మను వివరించే పేజీలో ‘డయాఫ్రమ్ మూస్తుంది’ బాగుంటుంది. బండి నడుస్తుండగా ఏం జరుగుతుందో చెప్పే పేజీలో ‘కవాటం మూసుకుంటుంది’ బాగుంటుంది. చేత్తో తిప్పే చోట ‘ఉద్యోగి మూస్తాడు’. మూలం ఈ మూడింటికీ ఒకే రకం వాక్యం వాడి ఉన్నా, మనం అలాగే చేయనవసరం లేదు.

ఒకచోట మాత్రం ‘కొను’ రానివ్వకండి. చివరి పెట్టె వెనక బారు గొట్టం కొసకు ఉన్న కవాటాన్ని ఉద్యోగి కొద్దిగా తెరిచి ఉంచుతాడు, నీళ్లు నిలవకుండా, ఆవిరి చివరిదాకా అందేలా. అక్కడ ‘తెరుచుకుని ఉంటుంది’ అని రాస్తే, చూసుకోవలసిన మనిషి బాధ్యత వాక్యంలోంచి మాయమవుతుంది. శిక్షణ పాఠంలో అది ప్రమాదం.

సాంద్రీకరణం విషయంలో అభ్యంతరం లేదు. మొదటిసారి వచ్చినప్పుడు ‘ఆవిరి నీరవడం, అంటే సాంద్రీకరణం’ అని కలిపి రాసి, తర్వాత ‘నీరవడం’తో నడిపించవచ్చు. పొరపాటున ‘ద్రవీభవనం’ అనకూడదు. బడిపుస్తకాల్లో అది మంచు కరగడానికి పేరు.

ప్రశ్న వేసినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను, చూడండి:

‘గొట్టాలన్నీ వేడెక్కాక, ఇంకా నీరు కాని ఆవిరి నియంత్రకం దాకా వస్తుంది. ఆ సెగకు డయాఫ్రమ్ ఉబ్బుతుంది, ప్రవేశ కవాటం మూసుకుంటుంది. డయాఫ్రమ్ చల్లారగానే కవాటం మళ్లీ తెరుచుకుంటుంది.’

ఇంకో రెండు సందేహాలు. ‘స్టీమ్ ట్రాప్’ను ‘ఆవిరి ఉచ్చు’ అన్నాను, ఉంచవచ్చా? డీజిల్ ఇంజన్ల కాలం గురించి చివర్లో ఉన్న పేజీలోనూ ఆవిరి ప్రస్తావన వస్తోంది. అది మూలంలోని పొరపాటా?

తిరుగు జవాబు:

వాక్యం ఇప్పుడు చక్కగా నడుస్తోంది. ఒకే ఒక్క మార్పు: ‘చల్లారగానే’ బదులు ‘చల్లారేకొద్దీ’ అనండి. డయాఫ్రమ్ ఒక్కసారిగా ముడుచుకోదు.

‘ఉచ్చు’ వద్దు. వేటగాడు గుర్తొస్తాడు, పరికరం గుర్తుకు రాదు. చక్కెర కర్మాగారంలోనైనా, ఉప్పుడు బియ్యం మిల్లులోనైనా బాయిలర్ దగ్గర పనిచేసేవారికి ‘స్టీమ్ ట్రాప్’ అంటేనే తెలుస్తుంది. ఆ మాటే ఉంచి, పక్కన ‘నీటిని బయటికి వదిలి, ఆవిరిని ఆపే అమరిక’ అని ఒకసారి వివరిస్తే చాలు.

చివరి పేజీలో పొరపాటేమీ లేదు. డీజిల్ ఇంజన్లు వచ్చాక కూడా పాత పెట్టెలు ఆవిరి గొట్టాలతోనే తిరిగాయి కాబట్టి, కేవలం పెట్టెలను వెచ్చబరచడానికే ఆ ఇంజన్లలో చిన్న బాయిలర్లు అమర్చేవారు. అమెరికాలో ఆమ్‌ట్రాక్ సంస్థ 1970ల నుంచి ఇంజను విద్యుత్తుతో వెచ్చబరిచే పద్ధతికి మారుతూ వచ్చింది. అందుకని ఆ పేజీలో ‘ఆవిరి ఇంజను’ అని అలవాటు కొద్దీ రాయకుండా, ‘ఇంజనులోని ఆవిరి బాయిలర్’ అని రాయండి.