భూతదయ ఉండగా ‘పర్యావరణ నీతి’ ఎందుకు?

ప్రశ్న: భూతదయ అనే పాత మాట మనకు ఉండగా, ‘పర్యావరణ నీతి’ అనే కొత్త సమాసం అవసరమా?

సమాధానం: అవసరమేనని నా అభిప్రాయం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఎ(జి) అధికరణం రెండు విధులను పక్కపక్కనే చెబుతుంది: అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులతో కూడిన సహజ పర్యావరణాన్ని కాపాడి మెరుగుపరచడం ఒకటి, ప్రాణుల పట్ల కరుణ చూపడం మరొకటి. భూతదయ రెండోదానికి అచ్చంగా అతికే మాట, మొదటిదానికి అతకదు.

ఈ తేడా అమెరికా అటవీ అధికారి ఆల్డో లియోపోల్డ్ ఆలోచనల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 1909లో అటవీ సర్వీసులో చేరిన ఆయన, తోడేళ్లు తగ్గితే వేటగాళ్లకు జింకలు దండిగా దొరుకుతాయని నమ్మి, తోడేళ్లను చంపించే విధానాన్ని సమర్థించాడు. తోడేళ్లు లేని కొండల మీద జింకలు పెరిగిపోయి, పొదలనూ మొలకలనూ మిగల్చకుండా మేసి, చివరకు తామే ఆకలితో చావడం గమనించాక ఆయన దృష్టి మారింది. ఆయన మరణానంతరం 1949లో వెలువడిన పుస్తకం నీతి పరిధిలోకి మట్టినీ, నీటినీ, మొక్కలనూ, జంతువులనూ కలిపి తెచ్చి, మనిషిని ఆ సముదాయానికి యజమానిగా కాక సభ్యుడిగా నిలిపింది. అయినా లియోపోల్డ్ వేట మానలేదు. మన మాటకు చిక్కు వచ్చేది ఇక్కడే. ఒక్కొక్క ప్రాణి బాధను చూసే భూతదయ జింకను చంపవద్దంటుంది, కొండ మొత్తాన్ని చూసే నీతి తోడేలును బతకనిమ్మంటుంది.

పంచభూతాల్లో నేలా నీరూ ఉన్నాయి కనుక భూతదయను అంతవరకూ విస్తరించవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. వ్యుత్పత్తి ఒప్పుకున్నా వాడుక ఒప్పుకోదు: చెరువు పూడ్చినవాణ్ని భూతదయ లేనివాడని ఎవరూ తిట్టరు. (విడిగా ‘భూతం’ అంటే మనకు ముందు దెయ్యమే గుర్తొస్తుందన్నది వేరే సంగతి.)

చెరువు తవ్వించడాన్నీ వనం నాటించడాన్నీ కొడుకుతో సమానంగా లెక్కించిన సప్తసంతానాల భావన కొంత దగ్గరగా వస్తుంది గానీ, అక్కడ పుణ్యం చేయించినవాడిది, ప్రయోజనం తరువాతి మనుషులది. రాబోయే తరాలకూ కలప, నీరు అందేలా అడవిని చూసి వాడుకోవాలన్న అమెరికా అటవీ సర్వీసు తొలి అధిపతి గిఫర్డ్ పించో వాదానికి అది చుట్టం.

మట్టి నుంచి జంతువుల దాకా అన్నిటినీ నీతి పరిధిలోకి తెచ్చిన ఆలోచనకు లియోపోల్డ్ పెట్టిన పేరు ‘ల్యాండ్ ఎథిక్’. దానికి మాత్రం ‘నేలధర్మం’ అనవచ్చు. ధర్మమన్న మాటలో హక్కుకన్నా బాధ్యతే ముందు వినిపిస్తుంది. నేల అన్నప్పుడు నీరు జారిపోతుందన్న అభ్యంతరానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.