మెమ్‌టెస్ట్ పాసైతే ర్యామ్‌ను అనుమానించకూడదా?

నీలితెర:
ల్యాప్‌టాప్‌లో ముందునుంచీ 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్ ఒకటి ఉంది, స్పీడు 2666. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే 16 జీబీ కొన్నాను. వేరే కంపెనీది, 3200. అప్పటినుంచి ఎప్పుడు ఆగిపోతుందో తెలియడం లేదు. ఒకసారి బ్లూ స్క్రీన్ మీద మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ అని వేరే ఎర్రర్ పేరు చూపిస్తుంది, ఒక్కోసారి ఏమీ చెప్పకుండానే రీస్టార్ట్ అవుతుంది. టైప్ చేస్తుంటేనో, ఒళ్లో పెట్టుకుని మూత తెరవగానేనో ఎక్కువ. టేబుల్ మీద పెట్టి కంట్రోలర్‌తో గేమ్ ఆడితే మాత్రం గంటల తరబడి ఏమీ కాదు! ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ రాత్రంతా నడిపాను, నాలుగు పాస్‌లూ (నాలుగు విడతల పరీక్ష) ఒక్క ఎర్రర్ లేకుండా పూర్తయ్యాయి. అమ్మినవాళ్లేమో టెస్ట్ పాసైంది కదా, విండోస్ మళ్లీ వేసుకోండి అంటున్నారు. ఏం చేయమంటారు?

జతపిచ్చి:
ఇందులో ఆలోచించడానికేముంది? 2666, 3200 కలిపారు, కంపెనీలు వేరు, సైజులు వేరు. జత కుదరలేదు. కొత్తది వెనక్కిచ్చేసి ఒకే ప్యాకెట్‌లో వచ్చే రెండు స్టిక్కులు కొనుక్కోండి.

కెర్నల్‌కాకి:
జతపిచ్చి గారూ, ప్రతి చర్చలోనూ ఇదే మందు రాస్తున్నారు. స్పీడు తేడా ఉంటే కంప్యూటర్‌ను మొదలుపెట్టే బయాస్ ప్రోగ్రామ్ రెండింటినీ తక్కువ స్పీడుకు దించుతుంది, అంతే. ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది, ఏ స్పీడుకు ఏ టైమింగ్ వాడాలో అందులో రాసి ఉంటుంది. 3200 స్టిక్ 2666లో నడవడం మామూలే. సైజు తేడాకూ క్రాష్ అవదు. మొదటి 16 జీబీ డ్యుయల్ ఛానెల్‌లో, అంటే రెండు స్టిక్కులనూ ఒకేసారి వాడుకుంటూ, మిగిలిన 8 సింగిల్‌లో నడుస్తుంది, కాస్త స్పీడు తగ్గుతుందేమో గానీ బ్లూ స్క్రీన్ రాదు.

జతపిచ్చి:
పుస్తకంలో అలాగే ఉంటుంది. ఒక్కోటీ విడిగా బాగానే ఉండి, కలిపితే గొడవపడే స్టిక్కులు నేను బోలెడు చూశాను. చిప్పుల అమరిక, ర్యాంకులు (కలిసి పనిచేసే చిప్పుల గుంపులు) తేడా ఉంటే కొన్ని బోర్డులు తట్టుకోలేవు. కాదనగలరా?

కెర్నల్‌కాకి:
ఉండవనలేదు. ముందే అదేనని తేల్చేస్తే మిగతావి ఎవరు చూస్తారు అంటున్నాను.

మూతతెరిస్తే:
నాకు ఫాస్ట్ స్టార్టప్ మీద అనుమానం. షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్ (విండోస్ ప్రధాన భాగం) పరిస్థితిని డిస్కులో దాచుకుని మళ్లీ లేచేటప్పుడు అదే తెచ్చుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో దాన్ని ఆపేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి. మూత తెరవగానే పోతోందంటే ఇదే.

కెర్నల్‌కాకి:
ఆపి చూడటంలో నష్టం లేదు. కానీ అన్నా, రీస్టార్ట్ చేస్తే ఆ దాచినదాని జోలికే పోదు, కొత్తగా మొదలవుతుంది. ఈయనకు రీస్టార్ట్ అయిన తర్వాత కూడా పోతూనే ఉంది కదా. పైగా టైప్ చేస్తుంటే పోవడానికి అది కారణం కాదు.

చిన్నస్క్రూ:
అందరూ ఎర్రర్ పేర్ల మీద పడ్డారు. నాకు ఆ గేమ్ సంగతే వింతగా ఉంది. ర్యామ్ పాడైనా, వేడికి తేడా చేసినా గేమ్‌లోనే ముందు పోవాలి. అక్కడ గంటలు నడిచి, ఒళ్లో పెట్టుకుని నాలుగు లైన్లు టైప్ చేస్తే పోతోందంటే తేడా పనిలో లేదు, చేతిలో ఉంది. మూత తెరిచినా, అరచేతులు ఆనించినా బాడీ కాస్త వంగుతుంది. సో-డిమ్ స్లాట్‌లో, అంటే ల్యాప్‌టాప్ ర్యామ్ పెట్టే చోట, 260 పిన్నులుంటాయి, ఒక్కటి సరిగా తగలకపోయినా చాలు. మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిచిందన్నారు, ఆ రాత్రి ల్యాప్‌టాప్‌ను ఎవరూ ముట్టుకోలేదు కదా!

నీలితెర గారూ, మళ్లీ మెమ్‌టెస్ట్ పెట్టి, అది నడుస్తుండగా టచ్‌ప్యాడ్‌కు రెండు వైపులా అరచేతులు ఆనించి మెల్లగా నొక్కండి. ఒక మూల పట్టుకుని కాస్త ఎత్తి దించండి. బలం వద్దు, రోజూ వాడినంతే.

జతపిచ్చి:
టెస్ట్ నడుస్తుంటే ల్యాప్‌టాప్‌ను ఊపమంటున్నారా? ఇక జ్యోతిష్యం ఒక్కటే మిగిలింది.

నీలితెర:
ఊపాను సార్. రెండో పాస్ మధ్యలో కుడి అరచెయ్యి ఆనించాను, ఎర్రర్ లెక్క సున్నా నుంచి వందల్లోకి పోయింది. చెయ్యి తీస్తే ఆగింది, మళ్లీ ఆనిస్తే మళ్లీ మొదలు.

జతపిచ్చి:
సరే. అంటే కొత్త స్టిక్ చెడ్డదే. వెనక్కిచ్చేయండి.

చిన్నస్క్రూ:
తొందరపడకండి, స్టిక్కా స్లాటా ఇంకా తేలలేదు. డ్యుయల్ ఛానెల్‌లో అడ్రస్‌లు రెండు స్టిక్కుల మీదా పంచి ఉంటాయి, ఎర్రర్ అడ్రస్ చూసి ఫలానా స్టిక్ అని తేల్చలేం. ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీశాక ఒక్కోటే పెట్టి చూడండి. కొత్తది ఒక్కటే మొదటి స్లాట్‌లో. తర్వాత పాతది ఒక్కటే రెండో స్లాట్‌లో. ప్రతిసారీ చెయ్యి ఆనించే టెస్ట్ చేయాలి. స్టిక్‌ను ఏటవాలుగా పూర్తిగా లోపలికి తోసి, తర్వాత కిందికి నొక్కండి. రెండు పక్కలా క్లిప్పులు క్లిక్ మనాలి. ముందు డేటా బ్యాకప్ తీసుకోండి, ఇలా పాడైన మెమరీ నుంచి డిస్కుకు రాసిన ఫైళ్లు కూడా చెడిపోతాయి.

నీలితెర:
కొత్తది మొదటి స్లాట్‌లో ఎంత నొక్కినా క్లీన్. పాతదాన్ని రెండో స్లాట్‌లో పెడితే చెయ్యి ఆనించగానే ఎర్రర్లు. ఇన్నేళ్లుగా మొదటి స్లాట్‌లో మచ్చ లేకుండా నడిచిన స్టిక్కే అది. టార్చ్ వేసి చూస్తే రెండో స్లాట్ ఎడమ క్లిప్ స్టిక్ అంచున ఉన్న గాడిలోకి సరిగా దిగడం లేదు, అటువైపు బంగారు రంగు పిన్నులు సన్నగా బయటికి కనిపిస్తున్నాయి. రెండుసార్లు తీసి పెట్టినా అంతే.

కెర్నల్‌కాకి:
అయితే స్లాటే. మదర్‌బోర్డు మీద అతికించి ఉంటుంది కాబట్టి ఇంట్లో అయ్యే పని కాదు. వారంటీ ఉంటే ఆ ఫొటోలతో సహా కంప్లయింట్ పెట్టండి. ఈలోపు 16 జీబీ ఒక్కటే మొదటి స్లాట్‌లో పెట్టుకుని వాడుకోండి. విండోస్ మళ్లీ వేయడం దండగ, సిస్టమ్ ఫైళ్లు ఒకసారి చెక్ చేయించుకుంటే చాలు. అమ్మినవాళ్లు ర్యామ్ తప్పు కాదన్నది నిజమే అయింది గానీ, వాళ్లు చూపిన కారణం మాత్రం తప్పు. ఎర్రర్ వస్తే అది గట్టి సాక్ష్యం. రాకపోతే ఆ పరిస్థితిలో రాలేదని మాత్రమే అర్థం.

జతపిచ్చి:
స్లాట్ బాగుచేయించాక రెండూ కలిపి నడిపి చూపించండి. అప్పుడు మాట్లాడదాం.

నీలితెర:
తప్పకుండా సార్, ఒళ్లో పెట్టుకునే నడుపుతా.