డిస్క్ 100% చూపిస్తోంది, పని జరగట్లేదు: తప్పు ఎస్‌ఎంపీఎస్‌దా (పవర్ సప్లై), మదర్‌బోర్డుదా?

విశాఖ ఎంవీపీ కాలనీలో, ఇంట్లో వాడే డెస్క్‌టాప్. ఐ5-4460, 8 జీబీ డీడీఆర్3, విండోస్ 10. సీ డ్రైవ్ 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ మీద, డేటా 1 టీబీ హార్డ్‌డిస్క్ మీద.

మూడు వారాలుగా రోజుకు ఎనిమిది పది సార్లు అర నిమిషం పాటు బిగుసుకుపోతోంది. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో ఎస్‌ఎస్‌డీ 100%, రీడ్, రైట్ మాత్రం సున్నా. సీపీయూ 10% దాటదు, ర్యామ్ సగం ఖాళీ. కాబట్టి స్టార్టప్ ప్రోగ్రాములు తగ్గిస్తే తీరేది కాదు, అదీ చేసి చూశాను. ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ స్టోర్‌ఏహెచ్‌సీఐ 129 వస్తోంది, అంటే డిస్క్ జవాబివ్వక విండోస్ దాన్ని రీసెట్ చేస్తోంది.

స్మార్ట్‌లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) రీఅలొకేటెడ్ సెక్టార్లు, అంటే పాడై పక్కన పెట్టిన చోట్లు, సున్నా. సీఆర్‌సీ ఎర్రర్లు (సీ7), అంటే కేబుల్ దారిలో డేటా చెడిన సార్లు, వారంలో 41 నుంచి 187కి పెరిగాయి. కేబుల్ విప్పి చూస్తే సముద్రపు గాలికి పిన్నులు నల్లబడి ఉన్నాయి. కొత్త సాటా కేబుల్ వేసి పోర్టు మార్చాక ఆ లెక్క 187 దగ్గరే ఆగింది, బిగుసుకోవడం మాత్రం ఆగలేదు. ఏహెచ్‌సీఐ లింక్ పవర్ మేనేజ్‌మెంట్ (కరెంటు ఆదాకు డిస్క్ లింకును నిద్రపుచ్చే సెట్టింగ్) యాక్టివ్‌లో, అంటే నిద్రపోకుండా, పెట్టినా అంతే. ఇదే ఎస్‌ఎస్‌డీ ల్యాప్‌టాప్‌లో రెండు గంటలు కాపీలు పెట్టినా ఎక్కడా ఆగలేదు.

ఒక్కటే ఆనవాలు దొరికింది: హార్డ్‌డిస్క్ పవర్ వైరు తీసేస్తే సమస్య రోజుకు రెండు సార్లకు తగ్గింది. లోడ్ మీద 5 వోల్టుల ఎర్ర వైరు 4.83 వోల్టులు చూపిస్తోంది. కనీస హద్దు 4.75, కానీ క్షణంపాటు పడిపోతే మల్టీమీటర్‌కు దొరకదు.

ఎస్‌ఎంపీఎస్ 5 వోల్టుల లైనుదా, బోర్డు మీది సాటా కంట్రోలర్‌దా తప్పు అని కొత్త భాగం కొనకముందే తేల్చే పరీక్ష ఏమిటి?