రోజూ పొద్దున్నే వేడి టిఫిన్ తప్పదా? ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు, సలహా కావాలి

ప్రశ్న (కూకట్‌పల్లి, హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్తే. నేను, మా ఆయన ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. బాబు ఆరో తరగతి, పాప ఒకటో తరగతి. మా అత్తయ్య మాతోనే ఉంటారు, ఆవిడకు షుగరు ఉంది. పిల్లల స్కూలు బస్సు 7:20కి వస్తుంది. 8 గంటలకల్లా నేను మెట్రో స్టేషన్‌లో ఉండాలి.

ఇప్పుడు 4:45కి లేస్తున్నాను. టిఫిను, చట్నీ, మధ్యాహ్నానికి నాలుగు బాక్సులు. ఇడ్లీ రోజు ఎలాగో గడిచిపోతుంది. దోశ రోజు మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలడానికి ఉండదు. ఇంత చేసినా పాప రెండు ముక్కలు నోట్లో పెట్టుకుని బస్సు ఎక్కేస్తుంది. పోయిన వారం ఆఫీసు మీటింగ్‌లో కూర్చునే నిద్రపోయాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చేశాను.

వారంలో కొన్ని రోజులైనా వేడి టిఫిన్ మానేద్దామని ఉంది. కానీ మా ఇంట్లో పొద్దున వేడిగా తింటేనే తిన్నట్టు. అత్తయ్య ఒక్క మాట అనే మనిషి కాదు, కానీ పిల్లలకు చల్లటిది పెడితే ఆవిడ మనసు ఒప్పుకోదు. నాకూ ఏదో తప్పు చేస్తున్నట్టే అనిపిస్తుంది. మీ ఇళ్లల్లో ఎలా చేస్తున్నారు?

జవాబు (తెనాలి నుంచి, రిటైరైన టీచర్)

అమ్మా, తప్పు చేస్తున్నానన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. ఖాళీ కడుపుతో బడికొచ్చి ప్రార్థనలో కళ్లు తిరిగి కూలబడిన పిల్లలను నేను నా చేతులతో లేపి కూర్చోబెట్టాను. అందుకే పొద్దున ఏమీ పెట్టకుండా పంపొద్దని ఎవరికైనా గట్టిగా చెబుతాను. అయితే అది పొగలు కక్కుతూనే ఉండాలన్నది వేరే సంగతి. బిడ్డ కడుపు నిండిందా లేదా అన్నదే చూడాలి.

మా చిన్నప్పుడు ఇడ్లీ, దోశ అంటే పండగకో, చుట్టాలొస్తేనో. మామూలు రోజుల్లో చద్దన్నం, గడ్డ పెరుగు, ఓ ఆవకాయ ముక్క. అది తినే పొలాలకు వెళ్లేవాళ్లు, అది తినే మేం బడికి వెళ్లేవాళ్లం. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చారంటే చద్ది మీద ఎంత గురి ఉండి ఉండాలి! మీ అత్తయ్యగారి పక్కన కూర్చుని, చిన్నప్పుడు ఆవిడ పొద్దున ఏం తినేవారో అడగండి. వాదన కోసం కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడగండి.

తోడన్నం ఎలా చేయాలో చెబుతాను. రాత్రి మెత్తగా వండిన అన్నాన్ని గోరువెచ్చగా ఉండగానే మెదిపి, కాచిన గోరువెచ్చని పాలు అన్నం మునిగేదాకా పోసి, ఒక చెంచా పెరుగు కలిపి మూత పెట్టండి. తెల్లారేసరికి తోడుకుంటుంది. ఉప్పు తినే ముందే వేయాలి. ఎండాకాలంలో పడుకునే ముందు తోడు పెడితే చాలు, ముందే పెడితే పులిసిపోతుంది. ఒక్క జాగ్రత్త. మధ్యాహ్నం వండి గట్టు మీద వదిలేసిన అన్నంతో ఇది చేయొద్దు. అలా గంటల తరబడి ఉన్న అన్నంలో పెరిగే కొన్ని క్రిములు విషాన్ని వదులుతాయి, తర్వాత ఎంత వేడి చేసినా అది పోదు. ఏ రాత్రికా రాత్రి వండిందే వాడండి.

ఇక పిండి. ఒక గ్లాసు మినపగుండ్లకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుండ్లు నాలుగు గంటలు నానితే చాలు. ఎండాకాలం ఎనిమిది గంటల్లో పొంగుతుంది, డిసెంబరులో పన్నెండు దాటుతుంది. పొంగిన పిండిని కలపకుండా రెండు గిన్నెల్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఏ రోజుకు కావాల్సింది ఆ రోజు తీసుకుని అందులోనే ఉప్పు వేయండి. మూడు నాలుగు రోజులు బాగుంటుంది.

పనిరోజుల్లో దోశ జోలికి మాత్రం వెళ్లకండి. దోశ వేసే మనిషి పెనానికి కట్టుబడి ఉండాలి, అందరూ తిన్నాక చివర్లో నిలబడి తినాలి. దానికి ఆదివారం ఉంది. అదే పిండితో దిబ్బరొట్టె వేయండి. మందపాటి మూకుడులో నూనె వేసి, పిండి రెండంగుళాల మందాన పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేయండి. ఇరవై నిమిషాలు దాని దగ్గరకు వెళ్లక్కర్లేదు. ఈలోగా పాపకు జడలు వేయొచ్చు. అడుగు ఎర్రగా కాలాక తిరగేసి ఇంకో ఐదు నిమిషాలు ఉంచి, ముక్కలు కోస్తే ఇంటిల్లిపాదికీ ఒకేసారి అవుతుంది. చెరుకు పానకంతో తింటే ఆ రుచే వేరు. అది దొరక్కపోతే తేనె, లేదా అల్లం పచ్చడి.

రోజూ చట్నీ రుబ్బొద్దు. కందిపొడి, పల్లీల కారం ఆదివారం చేసి సీసాలో పెట్టుకోండి. పొడి, నెయ్యి ఉంటే ఇడ్లీ దిగుతుంది.

జవాబు (వరంగల్ నుంచి, నర్సు)

టీచర్ గారు అన్నీ చెప్పారు. అత్తయ్యగారి విషయంలో నాదొక మాట. ఆవిడకు వేడి కన్నా వేళ ముఖ్యం. షుగరు మాత్రల్లో కొన్ని, గ్లిమిపిరైడ్ లాంటివి, వేసుకున్నాక తినడం ఆలస్యమైతే షుగరు బాగా పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ఇంట్లో హడావిడి సర్దుకున్నాక తిందాంలే అని ఆగి మా వార్డుకు వచ్చిన పెద్దవాళ్లను ఎంతమందినో చూశాను. పొద్దుటి మాత్ర ఏది, తిండికి ఎంత ముందు వేసుకోవాలి అని డాక్టరును అడిగి, ఆ టైము కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. పిల్లలకు ఏం పెట్టినా సరే, ఆవిడ ప్లేటు ఆ టైముకు ఆవిడ ముందు ఉండాలి.

ఆవిడకు ఇడ్లీ కన్నా పెసరట్టు మంచిది, పెసల్లో ప్రోటీన్ ఎక్కువ. పైగా పులియబెట్టక్కర్లేదు. రాత్రి నానబెట్టి పొద్దున మిక్సీలో వేస్తే అయిపోయింది. ఒక్కరికి రెండు అట్లు పెద్ద పని కాదు. తోడన్నం మాత్రం ఆవిడకు గిన్నె నిండా పెట్టొద్దు.

పిల్లలకు రాగి జావ అలవాటు చేయండి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా క్యాల్షియం ఉంటుంది. బియ్యం, గోధుమలు దాని దరిదాపుల్లోకి రావు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. పిండిని ముందు చల్లటి నీళ్లలో కలుపుకుని, ఆ తర్వాత మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కట్టదు. అయితే రాగి మంచిదని షుగరు ఉన్నవాళ్లు గ్లాసుల కొద్దీ తాగేస్తుంటారు. అదీ పిండిపదార్థమే, అత్తయ్యగారికి కొలత ఉండాలి.

జవాబు (కర్నూలు నుంచి)

మా ఉగ్గాణి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండేయాలి. తాలింపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, పసుపు వేగాక బొరుగులు కలిపి, పైన పప్పుల పొడి చల్లి నిమ్మకాయ పిండితే అంతే. కూరగాయలు రాత్రే కోసి పెట్టుకుంటే పది నిమిషాల పని. మిరపకాయ బజ్జీ జత ఆదివారానికి ఉంచండి.

జవాబు (విశాఖపట్నం నుంచి)

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఆయన ఉద్యోగం చేస్తారని తప్ప, పొద్దున ఆయన ఏం చేస్తారో అందులో లేదు. తప్పు పట్టడానికి అనడం లేదు, మూడేళ్ల క్రితం వరకు నేనూ అంతే. మా ఆవిడకు ఆపరేషన్ అయ్యి ఆరు వారాలు మంచం మీద ఉన్నప్పుడు వంటింట్లోకి వెళ్లాను. అప్పుడు తెలిసింది, పొయ్యి మీద పని కన్నా రేపేం చేయాలన్న ఆలోచనే ఎక్కువ బరువని. అందుకే ఊరికే సాయం చేయమని అడగొద్దు. వారంలో రెండు రోజులు పూర్తిగా ఆయనకు అప్పజెప్పండి. ఏం వండాలో, సరుకులున్నాయో లేదో, పిల్లల చేత ఎలా తినిపించాలో అంతా ఆయనే చూసుకోవాలి. నేను ఉడికించిన గుడ్లతో మొదలుపెట్టాను. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, పక్కన అరటిపండు, ఒక గ్లాసు పాలు. ఇప్పుడు ఉప్మా కూడా బాగానే వస్తోంది. రవ్వ నెలకు సరిపడా ఒకేసారి వేయించి డబ్బాలో పోసి పెట్టుకుంటాను.

జవాబు (నెల్లూరు నుంచి)

నేను కొంచెం వేరేగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగస్తులమే, అయినా రోజూ వేడిగానే చేస్తాను. రాత్రి ఒకరు ఎనిమిదికి వస్తారు, ఒకరు పదికి వస్తారు. మా నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకునేది పొద్దున ఆ పావుగంటే. ఇడ్లీ వేడిగా ఉంటే ఎవరూ చేతిలో పెట్టుకుని పరుగెత్తరు, కూర్చుంటారు. అందుకే నేను దాన్ని వదులుకోలేను.

ప్రశ్న అడిగినవారి మాట (మూడు వారాల తర్వాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏం జరిగిందో చెప్పాలనిపించి రాస్తున్నాను.

టీచర్ గారు చెప్పినట్టే అత్తయ్యను అడిగాను. ఆవిడది నల్గొండ దగ్గర పల్లె. జొన్న గటకలో మజ్జిగ పోసుకుని తినేవాళ్లమని, పొద్దున్నే పొయ్యి ముట్టించే తీరిక వాళ్లమ్మకు ఎక్కడిదని చెబుతూ చాలాసేపు మాట్లాడారు. పెళ్లయిన పదమూడేళ్లలో ఆ కబుర్లు నేను ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు రాత్రి అన్నం తోడు పెట్టే పని ఆవిడే తీసుకున్నారు. సోమ, బుధవారాలు తోడన్నం. బాబు మామిడికాయ తొక్కుతో తింటాడు. పాప మొదటి రోజు ముట్టనే లేదు, దానిమ్మ గింజలు వేశాక గిన్నె ఖాళీ చేసింది.

మంగళ, గురువారాలు మా ఆయనవి. దిబ్బరొట్టె మొదటిసారి మాడింది. రెండోసారి ఆయన ఫోనులో ఇరవై నిమిషాల అలారం పెట్టుకున్నారు, బాగా కుదిరింది. గురువారం గుడ్లు. శుక్రవారం నేను ఉగ్గాణి చేస్తాను. శనివారం ఇడ్లీ, ఆదివారం దోశ. నెల్లూరు అక్క మాట కూడా మనసులో పెట్టుకున్నాం, ఏం తిన్నా 6:45కి అందరం కిందే కూర్చుంటున్నాం. డాక్టరును అడిగి అత్తయ్య మాత్ర టైము ఫ్రిజ్ మీద అంటించాను. నేను 5:30కి లేస్తున్నాను.

ఒక్కటే ఇబ్బంది. మూడో రోజుకే పిండి బాగా పుల్లబడుతోంది. ఎందుకంటారు టీచర్ గారూ?

జవాబు (తెనాలి నుంచి)

చాలా సంతోషమమ్మా. మిక్సీలో రుబ్బుతున్నారు కదా, ఆ వేడికి పిండి త్వరగా పులుస్తుంది. ఐసు నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పండి. పొంగిందని కనిపించగానే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, తెల్లారేదాకా బయట ఉంచొద్దు. శనివారం రాత్రి రుబ్బకుండా ఆదివారం మధ్యాహ్నం రుబ్బి చూడండి, మీరు మెలకువగా ఉండగానే పొంగుతుంది. ఇప్పుడున్న పుల్లటి పిండి పారబోయకండి. రెండు గరిటెల బియ్యప్పిండి, ఉల్లిపాయ, జీలకర్ర కలిపి సాయంత్రం పిల్లలకు పునుగులు వేయండి.