హౌసాలో గది అడగడం ఎలా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా వచ్చే నెల నైజీరియాలోని కానో నగరానికి వెళ్లవలసి ఉన్నందున, బసకు సంబంధించిన హౌసా మాటలు కొన్ని ముందుగానే నేర్చుకోవాలనుకుంటున్నాను. వేటితో మొదలుపెట్టమంటారు?

జవాబు: 'డాకి' అంటే గది, 'గడో' అంటే మంచం. గది ఉందా అని అడగడానికి 'అక్వై డాకి?' అంటే చాలు. బసను సూచించే 'మసౌకీ' అనే మాట, దిగడం అనే అర్థమున్న 'సౌకా' నుంచి వచ్చింది. మనమూ 'ఏ హోటల్లో దిగారు?' అనే అడుగుతాం కాబట్టి, నాకది ఒక్కసారికే గుర్తుండిపోయింది.

మరో జవాబు: 'క్వానా' కూడా నేర్చుకోండి. 'క్వానా డయా' అంటే ఒక రాత్రి బస. పొద్దున్నే పలకరించే 'ఇనా క్వానా'లో ఉన్నదీ అదే.

ఇంకొకరు: 'వుతా' అంటే నిప్పు, కరెంటు కూడా. నేను దిగిన రాత్రే గుమాస్తా టార్చిలైటుతో వచ్చి 'బాబు వుతా' అంటే, నన్నే బాబూ అని పిలుస్తున్నాడనుకున్నాను; తీరా చూస్తే, కరెంటు లేదని చెబుతున్నాడు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. అద్దె ఎంతో అడగడం ఎలా?

జవాబు: 'నవా నే కుడిన్ డాకి?' అనండి.